సి-బుక్కులో ఎవరి పేరు?

(ఊరికీ వాడకీ మధ్య రోడ్డు – 9వ భాగం)



పోయిన భాగంలో చెప్పుల గురించి రాశాను. చెప్పులు కుట్టినోళ్లే చెప్పులు చేత్తో పట్టుకుని ఊరి వీధి దాటాల్సి వచ్చిన చరిత్ర అది. ఈసారి బండి గురించి రాస్తున్నాను. కొత్త బండి కాదు, రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత డీజిల్ పికప్ గురించి.

"చరిత్ర వ్యాసాల్లోకి సెకండ్ హ్యాండ్ బండి ఎందుకొచ్చిందన్నా?" అని మీరు అడుగుతారు. కారణం ఉంది. మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడిది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మిర్చి టిక్కీలు యార్డుకి తోలే పని.

"అన్నా, విజయవాడ ఆటోనగర్లో ఒక పికప్ చూశాను. 2016 మోడల్. మూడు లక్షల నలభై చెబుతున్నారు. నువ్వొకసారి రావాలి."

"ఇంజిన్ గురించి నాకేం తెలుసురా?"

"ఇంజిన్ నేను చూసుకుంటాలే. నువ్వు కాగితాలు చూడు."

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. వాడు టెన్త్ తప్పాడు కానీ, స్టార్ట్ చేసిన శబ్దం విని ఇంజిన్ జాతకం చెప్పగలడు. అయినా ఇప్పటికే ఒక బండి పోగొట్టుకున్నాడు. ఇంజిన్ చెడిపోయి పోలేదు, కాగితం వల్ల పోయింది. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు అసలు బండికీ మనకీ ఉన్న సంబంధం ఎక్కడ మొదలైందో చూద్దాం.

తల మీద మోసిన కాలం

మన తాతల కాలంలో సరుకు రవాణా అంటే మన తలే. నిజాం రాజ్యంలో తెలంగాణ పల్లెల్లో వెట్టి ఎలా నడిచిందో పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వివరంగా చెప్పారు. దళితుల ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వెట్టికి పోవాలి. దొర ఇంట్లో చాకిరీ చెయ్యాలి. పోలీస్ స్టేషన్‌కీ, తాలూకా కచేరీకీ కబుర్లూ కాగితాలూ మోసుకుపోవాలి. దొర కుటుంబం ప్రయాణం కడితే పల్లకీ మోసే కులాలు వేరే ఉన్నాయి. కూలి అనే మాటే లేదు. రోడ్డు మీద నడిచింది మనమే, బరువు మోసింది మనమే. ప్రయాణం మాత్రం వాళ్లది.

కోస్తాలో మా ఇంటి సంగతి చెబుతాను. మా ముత్తాత తోలు పని చేసేవాడు. ఎడ్లబండికి కావలసిన పగ్గాలు, పలుపులు, కొరడాలు, బావిలో నీళ్లు తోడే మోటలు, అన్నీ ఆయన చేతి పనే. పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గర నిలబడితే మేర కింద కొన్ని గింజలు కొలిచేవాళ్లు. ఊళ్లో ఏ బండి కదిలినా ఆయన చేసిన తోలు లేకుండా కదిలేది కాదు. ఆయన మాత్రం బండెక్కి కూర్చుని ఊరి మధ్య నుంచి పోయిన రోజు ఒక్కటీ లేదని మా నాయనమ్మ చెప్పేది. బండికి కావలసింది మన పనే, బండి మీద మన మనిషికి చోటు లేదు.

అంబేడ్కర్ ఎక్కిన రెండు బండ్లు

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రెండు బండ్ల సంగతి రాశారు. చదవని విద్యార్థులు తప్పక చదవండి, చాలా చిన్న పుస్తకం.

మొదటిది 1901 నాటిది. ఆయనకి అప్పటికి పదేళ్లు. సతారా నుంచి, గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి రైల్లో బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగారు. పిల్లలు మహర్లని తెలిసేసరికి ఒక్క ఎడ్లబండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి బేరం ఇలా కుదిరింది: రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు.

రెండోది 1929లో జరిగింది. అప్పటికి ఆయన విదేశాల్లో చదివి డాక్టరేట్లు తెచ్చుకున్న మనిషి, బారిష్టరు. అంటరానివాళ్ల కష్టాలు విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే మహర్వాడ జనం తమ దగ్గరికి తీసుకుపోవాలనుకున్నారు. టాంగావాళ్లు తోలమన్నారు. మహర్వాడ మనుషులకి ఆయన్ని నడిపించి తీసుకుపోవడం ఇష్టం లేదు, అది ఆయనకి అవమానం అనుకున్నారు. అందుకని టాంగా మాత్రం కిరాయికి తీసుకుని తమలో ఒకణ్ణి తోలమన్నారు. అతనికి టాంగా తోలే అలవాటు లేదు. దారిలో కల్వర్టు మీద చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. అంబేడ్కర్ ఎగిరి కింద పడ్డారు. కాలు విరిగింది. గుర్రం, బండి ఏట్లో పడ్డాయి.

ఈ రెండు సంఘటనల్ని మనం సాధారణంగా అంటరానితనానికి ఉదాహరణలుగా చెప్పుకుంటాం. నిజమే. ఇంకో మాట కూడా ఉంది. రెండుసార్లూ పగ్గం మన చేతికొచ్చింది. ఎవరో గౌరవించి ఇస్తే రాలేదు, ముట్టుకోనన్నందువల్ల వచ్చింది. రెండుసార్లూ బండి మనది కాదు. గౌరవం కాపాడుకోవాలన్న తపన ఎంతున్నా, బండి సంగతి తెలియకపోతే కాలు విరిగేది మనకే. పాత బండి కొనబోయే ప్రతి తమ్ముడికీ నేను చాలీస్‌గావ్ కథ చెప్పేది ఇందుకే.

చట్టం రాసుకున్న మాటలు

1950లో రాజ్యాంగం వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వ అధికరణం వెట్టిని నిషేధించాయి. ఆ తర్వాత 65 ఏళ్లకి, అంటే 2015లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు ఏం రాయాల్సి వచ్చిందో చూడండి. దళితుడు సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా, బహిరంగ స్థలంలో చెప్పులేసుకోకుండా, పెళ్లి ఊరేగింపులో గుర్రమో వాహనమో ఎక్కకుండా అడ్డుకుంటే అది నేరం. ఈ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సైకిల్ పేరు చట్టంలో రాశారంటే, ఆ సైకిల్‌ని ఆపుతున్నవాళ్లు ఇంకా ఉన్నారనే కదా అర్థం.

రవాణా చట్టంలో ఇంకో సంగతి ఉంది. మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం 71వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం బస్సు పర్మిట్ల సంఖ్య నిర్ణయించిన చోట, ఉద్యోగాల్లో ఉన్న నిష్పత్తిలోనే ఎస్సీ ఎస్టీలకి పర్మిట్లు రిజర్వు చెయ్యాలి. పర్మిట్‌లో రిజర్వేషన్ ఇచ్చారు సరే, బస్సు కొనే డబ్బు ఎక్కడిది? వాడలో పదిమంది జీవితకాలపు కూలి కలిపినా బస్సు చక్రాలు రావు.

అదే చట్టం 66వ సెక్షన్లో ఒక చిన్న సందు ఉంది. మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. పాతికేళ్ల కిందట ఆ సందుకి పెద్ద విలువ కనిపించలేదు. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ బండి. ఆ తర్వాత ఆ కొలతలోనూ, దానికి కాస్త పైనా రకరకాల పికప్‌లు, ట్రాలీలు వచ్చాయి. లారీ కొనలేనివాడు, పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగలేనివాడు మొదటిసారి సరుకు బండి యజమాని కాగలిగే రోజు వచ్చింది. క్లీనర్‌గా మొదలై, పరాయివాడి ట్రాక్టరు మీద డ్రైవరై, అక్కడే ముసలివాళ్లైపోయిన మనవాళ్ల పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

డ్రైవింగ్ లైసెన్సుకీ ఒక కథ ఉంది. రవాణా బండి తోలాలంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలని నిబంధన ఉండేది. బడి మానేసి పనికి పోయిన పిల్లలు ఏ కులాల్లో ఎక్కువో నేను చెప్పక్కర్లేదు. ఆ నిబంధన 2019లో తీసేశారు. మామూలు ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవాడు 7500 కిలోల లోపు రవాణా బండి తోలొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది.

అంటే తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. డబ్బు దగ్గర మాత్రం మూసుకునే ఉంది.

వాడకి వచ్చేది పాత బండే

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ కార్పొరేషన్ 1974లో పుట్టింది. తెలంగాణలో 2021లో దళిత బంధు కింద కుటుంబానికి 10 లక్షలన్నారు, దాంతో చాలామంది బండ్లే కొనుక్కున్నారు. 2016లో కేంద్రం తెచ్చిన స్టాండప్ ఇండియా ఎస్సీ ఎస్టీలకి, మహిళలకి అప్పు ఇచ్చేది. కానీ అది 10 లక్షల నుంచి కోటి దాకా, అదీ కొత్తగా పెట్టే వ్యాపారానికి. మూడు లక్షల పాత పికప్ ఈ లెక్కలో ఎక్కడుంది? నేను చూసినంతలో సబ్సిడీ దరఖాస్తుకి కొత్త బండి కొటేషనే అడుగుతారు. జాబితాలో పేరు రావాలంటే నాయకుడి దయ కావాలి. పేరు రానివాడు, వచ్చేదాకా ఆగలేనివాడు ఆటోనగర్ బస్సెక్కుతాడు.

అందుకే ఊళ్లో పెద్దరైతు ఎనిమిదేళ్లు వాడి వదిలేసిన బండి మన వాడకి వస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ దాంతోపాటు దాని పాత అప్పు, పాత చలాన్లు, పాత పేరు కూడా వస్తాయి. మా తమ్ముడి మొదటి బండికి జరిగింది ఇదే.

2019లో వాడు ఒక ట్రాలీ కొన్నాడు. పిన్ని మెడలో గొలుసు, డ్వాక్రా అప్పు, నా దగ్గర కొంత, కలిపి లక్షా తొంభై వేలు. బండి మీద ఫైనాన్స్ ఇంకా తీరలేదు. "మిగతా వాయిదాలు నువ్వు కట్టుకో, పూర్తయ్యాక పేరు మారుస్తా" అన్నాడు అమ్మినవాడు. ఒక ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టిచ్చాడు. పద్నాలుగు నెలలు వాయిదాలు ఆ మనిషి చేతికే కట్టాడు మా వాడు. ఆయన మాత్రం ఫైనాన్స్ వాళ్లకి కట్టలేదు. ఒకరోజు తెల్లారుజామున హైవే మీద నలుగురు ఆపి తాళం లాక్కున్నారు. వెంటపడి ఆఫీసుకి పోతే అక్కడి మనిషి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "సి-బుక్కులో నీ పేరుందా?"

లేదు. అక్కడితో మాట అయిపోయింది.

అప్పు వసూలుకి గూండాలని పంపి బండి లాక్కోవడం చెల్లదని 2007లోనే ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ మాట ఎత్తాలన్నా ముందు మన హక్కు కాగితం మీద కనబడాలి. పద్నాలుగు నెలలు స్టీరింగ్ పట్టింది వాడే, డీజిల్ పోసింది వాడే, కమాన్ కట్టలు మార్పించింది వాడే. చట్టం దృష్టిలో ఆ బండికి వాడు ఎవరూ కాడు.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. మన పేరుతో సబ్సిడీ బండి తీయించి ఎవడో తిప్పుకోవడం. పేరిచ్చినందుకు ఐదో పదో వేలు చేతిలో పెడతారు. ఆ బండి రేపు మనిషిని గుద్దితే? 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే పరిహారం కట్టాల్సిన యజమాని అతనే. అసైన్డ్ భూముల్లో పట్టా మనది, సాగు వాళ్లది. ఇక్కడ బండి వాళ్లది, కేసు మనది.

ఆటోనగర్లో మేం చూసినవి

ఇంజిన్ సంగతి తమ్ముడు చెప్పిందే రాస్తున్నాను, పనికొస్తుంది.

పొద్దున్నే వెళ్లాలి. మనం పోయేసరికి బానెట్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. డీజిల్ బండి బాగోగులు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే తెలుస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడాలి. పొగ బుసబుసా పైకి తంతుంటే దాన్ని మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. రింగులు, సిలిండర్లు అరిగాయి, ఇంజిన్ పని దగ్గర్లోనే ఉంది. సైలెన్సర్లో నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ వదలకుండా వస్తే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో, టర్బోనో చూడాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. బండి కిందికి దూరి చాసిస్ మీద వెల్డింగ్ అతుకులున్నాయేమో చూడాలి. కమాన్ కట్టలో అదనపు పట్టీలు వేయించి ఉంటే ఆ బండి ఓవర్‌లోడ్ మోసిందే.

మీటరు సంగతి లెక్కేసుకోండి. రోజుకి 80 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 24 వేలు. తొమ్మిదేళ్లకి 2 లక్షల 16 వేలు. తొమ్మిదేళ్ల సరుకు బండి మీటరు మీద 90 వేలు చూపిస్తోందంటే క్లచ్ పెడల్ రబ్బరు చూడండి. రబ్బరు అరిగి ఇనుము బయటపడితే మీటరు తిప్పారని తెలిసిపోతుంది. రెండున్నర లక్షలు నిజంగా చూపించే బండే నయం. అది అబద్ధం చెప్పలేదు.

ఇక నా వంతు. చాసిస్ మీద కొట్టిన నంబరు, సి-బుక్కులో నంబరు ఒకటేనా? ఫిట్‌నెస్ ఉందా? ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఇది ఏటా చేయించాలి. టాక్సు, చలాన్లు, ఇన్సూరెన్స్ ఎక్కడున్నాయి? సి-బుక్కులో ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరినట్టు వాళ్లిచ్చే ఎన్ఓసీ, ఫారం 35 ఉన్నాయా? అమ్మేవాడి సంతకంతో ఫారం 29, 30 చేతికొచ్చాయా? చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఓకి చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకి పెట్టుకోవాలి.

ఇంకొకటి. మిర్చి కోతలకి ఆడకూలీలని ఈ బండ్లలోనే కుక్కి తీసుకుపోతారు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బోల్తా పడితే చచ్చిపోయేది మన అమ్మలు, పరిహారం కట్టాల్సింది బండి ఓనరు. ఇప్పుడు ఆ ఓనరు కూడా మనవాడే. "మనుషులని ఎక్కించనని మాటివ్వు" అన్నాను తమ్ముడితో. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరే అన్నా" అన్నాడు. మళ్లీ, "మరి వాళ్లు దేంట్లో పోతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మన సంఘాలు పట్టించుకోవాల్సిన ప్రశ్న అది.

ఏం జరిగింది

మూడు లక్షల నలభై బండి ఇంజిన్ గడియారంలా ఉంది. తమ్ముడు మనసు పారేసుకున్నాడు. సి-బుక్కులో మాత్రం ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. "అందరూ ఇలాగే తిప్పుకుంటున్నారండీ, మీకొక్కరికే అనుమానాలు" అన్నాడు బ్రోకరు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాం. తిరుగు బస్సులో వాడు నాతో మాట్లాడలేదు.

మూడు వారాల తర్వాత ఇంకో బండి దొరికింది. 2 లక్షల 71 వేల కిలోమీటర్లు. ఆయిల్ కాస్త తింటుంది, ఏడాదిలో ఇంజిన్ పని తప్పదు. ఆ ఖర్చు ధరలో తగ్గించుకున్నాం. అమ్మేవాయన స్వయంగా వచ్చి ఎన్ఓసీ ఇచ్చి మా ముందే సంతకాలు పెట్టాడు.

పోయిన వారం కొత్త సి-బుక్కు కార్డు పోస్టులో వచ్చింది. పాస్టరు గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పిన్నికి చదువు రాదు. కార్డు తీసుకొచ్చి నన్ను చదవమంది. తమ్ముడి పేరు చదివాను, దాని కింద తండ్రి పేరు చదివాను. మా బాబాయి ముప్పై ఏళ్లు ఊరివాళ్ల ట్రాక్టరు తోలి చనిపోయాడు. ఆయన పేరు ఒక బండి కాగితం మీద అచ్చవడం ఇదే మొదటిసారి. పిన్ని "ఇంకోసారి చదువు నాయనా" అంది. చదివాను.

బండి ఒక్కటే విముక్తి తెస్తుందని నేను అనను. వాయిదాలున్నాయి, డీజిల్ ధర ఉంది. రేపు ఊళ్లో తేడా వస్తే "వాడి బండికి కిరాయి ఇవ్వొద్దు" అనే మాట రావచ్చు. 1991లో చుండూరులో మారణకాండకి ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే అని మర్చిపోవద్దు. వ్యాపారం చెయ్యొద్దని కట్టుబాటు పెట్టడం కూడా 2015 సవరణ ప్రకారం నేరమేనని గుర్తుపెట్టుకోండి.

మీ వాడల్లో ఎంతమంది ఇంకొకరి పేరున్న బండి తిప్పుతున్నారో, ఎంతమంది పేరు మీద ఇంకొకరి బండి తిరుగుతోందో ఈ ఆదివారం అడిగి చూడండి. కామెంట్లలో మనుషుల పేర్లు, బండి నంబర్లు మాత్రం రాయొద్దు. ఫారాలు నింపడం రానివాళ్లకి చదువుకున్న మీరు నింపిపెట్టండి.

వచ్చే భాగంలో అసైన్డ్ భూములు: పట్టా ఎవరిది, పంట ఎవరిది.

జై భీమ్.